విజిల్ మోగిన తర్వాత

కార్నరన్న పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను స్టోరులో జిప్సం బస్తాలు దింపించుకుంటున్నాను. చేసింది మా రాయచోటి తమ్ముడు. కువైట్‌లోని ఫర్వానియాలో కార్నరన్న కాపలా ఉండే బిల్డింగ్ కిందనే అతను పనిచేసే బఖాలా, చిన్న కిరాణా కొట్టు. పొద్దున షట్టర్ ఎత్తగానే మొదటి టీ పట్టుకెళ్లి ఆయన చేతిలో పెట్టడం అతని అలవాటు.

"కార్నరన్న లేస్తా లేడు నా," అన్నాడు. "టీ పట్టుకోని నిలబడుకోని ఉండా. కుర్చీలోనే ఉండాడు. మెడ గూడా వాలలేదు. నిద్ర అనుకుంటి."

"అంబులెన్స్‌కు చేసినవా?"

"చేసినా. వచ్చి చూసిరి. ఖలాస్, అయిపోయినాడు అనిరి."

ఆ తర్వాత అతను ఫోన్ పెట్టెయ్యలేదు. వెనకాల ఎవరో అరబ్బీలో రొట్టె అడుగుతున్నారు. నేను బస్తాలు లెక్క సరిచూసి, సంతకం పెట్టి, సెలవు అడిగి బస్సెక్కాను.

మధ్యాహ్నానికి మా కబడ్డీ ఆటగాళ్ల సంఘం వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది. సంఘం అధ్యక్షుడు పెట్టాడు. పాత ఫోటో. ఇద్దరు కుర్రవాళ్లు ఒకే రంగు జెర్సీలు వేసుకుని ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకున్నారు. ఒకరి మెడ చుట్టూ ఫోన్‌లోనే పూలదండ అతికించారు. కింద "నా ప్రాణమిత్రుడు, నా ఎడమ కార్నర్ ఇక లేడు" అని రాసి ఉంది. దండ మా కార్నరన్నకు. పక్కన నవ్వుతున్నది అధ్యక్షుడు. ఆ ఫోటో తీసిన కొద్ది రోజులకే ఆ నవ్వే మనిషి ఈ దండ మనిషి మోకాలిని తొక్కి పాడుచేశాడు. విజిల్ మోగిన తర్వాత తొక్కాడు.

నేను రోజూ జమాఖర్చులు రాసుకునేవాణ్ణి. మనుషుల గురించి రాసిన అలవాటు లేదు. ఆ ఫోటో కింద వరుసగా వచ్చిపడిన దండం బొమ్మలు చూశాక రాయకుండా ఉండలేకపోయాను. కార్నరన్న పేరు రాయడం లేదు. ఆట తెలిసినవాళ్లకు ఆ పిలుపు చాలు. రెండో ఆయన పేరు కూడా రాయను. అది ఆయనే చెప్పుకుంటే బాగుంటుంది.

కబడ్డీ చూడనివాళ్లు మనలో తక్కువ. కార్నర్‌ను చూసేవాళ్లు ఇంకా తక్కువ. అందరి కళ్లూ కూతకు వచ్చే రైడర్ మీదే ఉంటాయి. జట్టులో ఏడుగురు నిలబడితే చివర రెండు మూలల్లో నిలబడేవాళ్లు కార్నర్లు. రైడర్ ఎవరిని ముట్టినా మిగతావాళ్లు చుట్టూ ఉంటారు. మూల మనిషి వెనక మాత్రం గీత, పక్కన గీత. జరగడానికి చోటు ఉండదు. రైడర్ కాలు చాపి వెనక్కి లాక్కునే ఆ రెప్పపాటులో నేలకు పడి మడమ పట్టాలి. పడితే రైడర్ జారాడంటారు. తప్పితే కార్నర్ నిద్రపోయాడంటారు.

కార్నరన్నది జగిత్యాల పక్క పల్లె. బడి వెనక దున్నిన చెలకలో నేర్చుకున్నాడు. జిల్లాకు ఆడాడు, రాష్ట్రానికి ఆడాడు, ఆ తర్వాత టీవీలో వచ్చే లీగ్‌లో ఒక జట్టు ఆయన్ను తీసుకుంది. మొదటిసారి మ్యాట్ మీద పడినప్పుడు మోచేతుల తోలు లేచిపోయిందట. మట్టిలో జారే ఒళ్లు మ్యాట్ మీద కాలుతుంది. "ఊర్ల మన్ను ఎంత మంచిదో గప్పుడు తెలిసింది," అనేవాడు. ఆ ఒక్క సీజన్ ఆడాడు. ఎడమ మూలలో ఆయన నిలబడితే పేరున్న రైడర్లు కూడా కుడి వైపే తిరిగేవారట. వాళ్లు ఆయన వైపు రాకపోవడమే ఆయనకు దొరికిన మెచ్చుకోలు. టీవీలో అది కనబడదు.

కువైట్‌కు వచ్చేనాటికి ఆ మోకాలు పూర్తిగా ముడుచుకునేది కాదు. బరువు పనులు చేయలేక హారిస్‌గా, అంటే బిల్డింగ్ కాపలాదారుగా, కుదిరాడు. నేను ఆయన రూములో చేరినప్పుడు నాకు ఆట తెలియదు, ఆయన తెలియదు. కొత్తవాడినని కింది మంచం నాకిచ్చి, ఆ కాలితోనే పైమంచం ఎక్కేవాడు. వద్దంటే వినలేదు. తర్వాత శుక్రవారాలు నన్ను గ్రౌండుకు తీసుకుపోయి, నా చేతికి సున్నం డబ్బా ఇచ్చి గీతలు గియ్యమన్నాడు. ఫహాహీల్ దారిలో, సముద్రం రోడ్డుకు లోపలి వైపు ఉన్న ఇసుక నేల అది. నీళ్లు చల్లి తొక్కితే తప్ప గీత నిలవదు. వారమంతా ఎవరితోనూ కలవకుండా ఉండే నాకు ఆ పని వల్లే నలుగురు పరిచయమయ్యారు. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన కుర్చీ గేటు మధ్యలో ఉండేది కాదు, ఎడమ పక్క మూలలో ఉండేది. బిల్డింగ్ యజమాని వచ్చినప్పుడల్లా దాన్ని మధ్యకు జరిపించేవాడు. కారు మలుపు తిరగగానే కుర్చీ మళ్లీ మూలకు చేరేది. "నడుమ కూసుంటె ఎదురుంగ వచ్చేటోడే కనబడ్తడు తమ్మీ. మూలకు కూసుంటె అందరు కనబడ్తరు."

ఆటలో నేర్చుకునేవాళ్లకు ఆయన చెప్పేది తక్కువ. "కండ్లు చూడకుండ్రి, కండ్లు నాటకమాడ్తయి. నడుము చూడుండ్రి. నడుము ఎటు తిరిగితె మనిషి గటే పోతడు." బిల్డింగ్ దగ్గర కూడా అదే పని. లిఫ్టు ముందు నీళ్లు నిలిస్తే, వచ్చేవాడు ఎటు నుంచి దాటుతాడో ముందే చెప్పేవాడు. రాయచోటి తమ్ముడు పందెం కాసి ఎన్ని టీలు పోగొట్టుకున్నాడో అతనికే తెలియాలి.

ఇంకో మాట. ఎవరైనా ముట్టించుకుని అవుటై తల పట్టుకుంటే, "పోయిన కూత పోయింది. నెత్తిల పెట్టుకుంటె వచ్చే కూతకు కాలు లేవది," అనేవాడు.

అన్నిటికన్నా చెయ్యి ఎత్తడం గురించి చెప్పాలి. కబడ్డీలో రైడర్ వేలి కొస తగిలినా రిఫరీకి కనబడకపోవచ్చు. తగిలించుకున్నవాడికి తెలుస్తుంది. తెలిసినవాడు చెయ్యి ఎత్తి తనంతట తాను బయటికి నడుస్తాడు. అందరూ చేయరు. కార్నరన్న ఎప్పుడూ చేశాడు. చివరికి అది ఆటలోంచి రూములోకి కూడా వచ్చింది. వంట ఆయన వంతు వచ్చిన రోజు కూరలో ఉప్పెక్కువైతే, మేము నోట్లో పెట్టుకోకముందే కుడిచెయ్యి తల మీదికి ఎత్తి నిలబడేవాడు. బాత్రూములో ఎవరి బకెట్టో తన్నితే చెయ్యి. అలారం మోగించి అందరినీ లేపితే చెయ్యి. ఒకసారి యజమాని ముందు నీళ్ల మోటారు కట్టేయడం మరిచానని బడిపిల్లాడిలా చెయ్యి ఎత్తితే, ఆ ముసలాయనకు నవ్వాగలేదు. "ఖలాస్, ఖలాస్, దించు," అన్నాడట. కొన్నాళ్లకు మా రూములో అందరికీ ఆ అలవాటు పట్టుకుంది. చెయ్యి ఎత్తినవాణ్ణి ఆ తర్వాత ఒక్క మాట అనకూడదన్నది రూలు. ఆ రూలు ఆయన పెట్టిందే. దాని వల్ల మా రూములో కొట్లాటలు లేవు.

ఇక మోకాలి సంగతి. ఆయన నాకు ఒక్కసారే చెప్పాడు.

రెండో సీజన్‌కు ముందు శిక్షణ క్యాంపు. అదే జిల్లా నుంచి ఒక రైడర్ కూడా అదే జట్టులో ఉన్నాడు. ఫోటోలో పక్కన నవ్వుతున్నవాడు. ఇద్దరిలో ఒకరినే ఉంచుకుంటారని అందరికీ తెలుసు. ఆ రోజు జట్టువాళ్లు చూస్తుండగా ఆ రైడర్ కూతకు వచ్చిన ప్రతిసారీ కార్నరన్న మడమ పట్టాడు. చివరి పట్టుకు విజిల్ మోగింది. కార్నరన్న కాలు వదిలి, ఒక మోకాలు నేల మీద పెట్టి లేస్తున్నాడు. అప్పుడు రైడర్ ఒంటి బరువంతా వేసి ఆ మోకాలి మీదికి దూకాడు.

"వాడు కాలు వదల్లేదు, గుంజుకుంటె పడ్డ," అని రైడర్ అందరికీ చెప్పాడట. ఆ మాటే నిలిచింది. కార్నరన్న ఆట అక్కడితో పోయింది. రైడర్ మరికొన్నేళ్లు ఆడి, కువైట్‌కు వచ్చి, కార్గో వ్యాపారం పెట్టి, సంఘానికి అధ్యక్షుడై, మా అందరికీ జెర్సీలు ఇచ్చే పెద్దమనిషి అయ్యాడు.

ఒకవైపు మాటే విని రాస్తున్నానని ఎవరైనా అనవచ్చు. మా జట్టు కెప్టెన్ నిజామాబాద్ వైపు మనిషి, ఇక్కడ జేసీబీ నడుపుతాడు. ఆ క్యాంపులో అతను కొత్త ఆటగాడు. కువైట్‌కు వచ్చిన మొదటి శుక్రవారమే కార్నరన్నను వెతుక్కుంటూ మా రూముకు వచ్చాడు. మేము అన్నానికి కూర్చున్నాం. తలుపు దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రాకుండా కుడిచెయ్యి ఎత్తి నిలబడ్డాడు.

"చూసిన అన్నా," అన్నాడు. "విజిల్ అయింది. నువ్వు వదిలినవు. లేస్తున్నవు. గప్పుడు దునికిండు. నేను చూసిన, చెప్పలే. చెప్తె ఇంటికి తోలుతరని భయపడ్డ."

కార్నరన్న కంచంలో కలిపిన ముద్ద అలాగే పట్టుకుని అతని వైపు చూశాడు. ఏమంటాడోనని మేము చూస్తున్నాం.

"చెయ్యి దించు. నొస్తది," అన్నాడు. "కూసో. పప్పు ఉన్నది, కూర ఉప్పైంది."

అంతే. ఆ తర్వాత ఆ విషయం వాళ్లిద్దరి మధ్య మళ్లీ రాలేదు. కెప్టెన్ ఆ రోజు నుంచి ఆయనకు ఇంటి మనిషి.

అందుకే చెబుతున్నాను, ఆయన కోరుకున్నది పెద్దదేమీ కాదు. ఆ ఇంకొకాయన కూడా అలాగే నలుగురి ముందు ఒకసారి చెయ్యి ఎత్తాలి. దాని కోసమే ఆయన కాచుకుని కూర్చున్నాడు. పగ అంటే అదే అయితే అది పగే. నేను దానికి ఇంకో పేరు పెట్టను.

ఒక చలికాలం సంఘం పోటీల్లో పాత ఆటగాళ్ల మ్యాచ్ పెట్టారు. అధ్యక్షుడు ఒక జట్టు, కార్నరన్న ఒక జట్టు. అధ్యక్షుడు కూతకు వచ్చి, ఫోన్లలో వీడియో తీసేవాళ్ల వైపు ఒక నవ్వు నవ్వి, ఎడమ మూలకు కాలు చాపాడు. ముడుచుకోని ఆ మోకాలితో కార్నరన్న ఎలా నేలకు పడ్డాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మడమ దొరికింది. విజిల్ మోగింది.

వదల్లేదు.

ఇప్పుడు ఆ కాలు మెలితిప్పుతాడని గీత చుట్టూ ఉన్నవాళ్లందరం అనుకున్నాం. నేనైతే తిప్పాలనే కోరుకున్నాను. ఆయన తిప్పలేదు. మడమ రెండు చేతులా పట్టుకుని కింది నుంచి పైకి చూసి, "ఎత్తు," అన్నాడు.

"రిఫరీ, చూస్తలేవా? కాలు ఇరుస్తున్నడు," అన్నాడు అధ్యక్షుడు.

"చెయ్యి ఎత్తు. గప్పటి దానికి."

విజిల్ మళ్లీ మోగింది. అప్పుడు వదిలాడు. మంచి కాలు మీద బరువేసి లేచి, రిఫరీ వైపు తిరిగి కుడిచెయ్యి ఎత్తాడు.

"విజిల్ అయినంక పట్టుకున్న. తప్పు నాదే," అన్నాడు. తర్వాత అధ్యక్షుడి వైపు చూశాడు. "నాది అయింది. ఇగ నీ వంతు."

అధ్యక్షుడు ప్యాంటు దులుపుకున్నాడు. మైకు పట్టుకున్నాయన దగ్గరికి పోయి, మైకులోనే అన్నాడు. "చూసిండ్రు గద. అప్పుడు గూడ గిట్లనే వదలకుంట పట్టిండు, గిట్లనే కాలు పాడుచేసుకున్నడు. పాపం, పాత అలవాటు."

నవ్వినవాళ్లు నవ్వారు. ఆ సాయంత్రం గ్రూపులో సందేశం వచ్చింది. క్రమశిక్షణ తప్పినందుకు ఎడమ కార్నర్ ఇకపై సంఘం మ్యాచుల్లో గీత లోపలికి రాకూడదు. చెయ్యి ఎత్తినవాణ్ణి ఆ తర్వాత ఒక్క మాట అనకూడదన్న రూలు మా రూముది. సంఘానిది కాదు.

రూములో మోకాలికి వేడినీళ్ల గుడ్డ కడుతూ అడిగాను. "దొరికింది గద అన్నా. ఎందుకు తిప్పలే?"

"తిప్పితె ఆయనకు కుంటు వస్తది తమ్మీ. సిగ్గు రాదు. నాకు కుంటు అక్కర్లేదు. నా దగ్గర ఉన్నది."

"పోయిన కూత పోయింది అంటవు. ఇది ఎందుకు పోనిస్తలేవు?"

గుడ్డ ముడి సరిచేసుకున్నాడు. "అది కూతల జరగలే. విజిల్ అయినంక జరిగింది. ఆటల జరిగింది ఆటల మర్చిపోతం. బయట జరిగింది ఎట్ల మర్చిపోతం?"

ఆ తర్వాత ఆయన ఒక్క శుక్రవారం కూడా గీత దాటలేదు. ఎడమ మూల బయట, గీతను ఆనుకుని, తలకిందులు చేసిన పెయింటు డబ్బా మీద కూర్చునేవాడు. కాలు చాపితే పాదం గీతకు తగులుతుందేమోనని కాలిని పక్కకు పెట్టుకునేవాడు. అక్కడి నుంచే నేర్పేవాడు. కొన్నాళ్లుగా ఒకే ఒక్క పాఠం నేర్పాడు. రైడర్ లోపలికి రాగానే అందరూ వెనక నుంచి వచ్చి, చేతులు చేతులు పట్టుకుని, అతనికీ నడిమి గీతకూ మధ్య నిలబడాలి. అతన్ని పట్టకూడదు. అతను ఎటు జరిగితే అటు జరగాలి.

మా గ్రౌండులో కూతకు గడియారం పెట్టం. ఊపిరి ఉన్నంతసేపే కూత. ఊపిరి ఆగితే, కబడ్డీ తప్ప ఇంకో మాట నోట్లోంచి వస్తే, అవుట్.

రాయచోటి తమ్ముడికి ఆ పాఠం నచ్చలేదు. "పట్టుకోకుండా చేతులు చేతులు పట్టుకోని నిలబడేది ఏం ఆట నా? పెండ్లిలో ఫోటోకు నిలబడినట్టుండాది."

"ఫోటోకే నిలబడు. నవ్వకు, గంతే," అన్నాడు కార్నరన్న. "ఎప్పుడు పట్టుడే కాదు. దారి మూస్తె చాలు. మిగతాది ఆయన ఊపిరి చూసుకుంటది."

ఎవరి ఊపిరి గురించి అన్నాడో అప్పుడు మేము ఆలోచించలేదు.

కార్నరన్న శరీరం ఆస్పత్రి నుంచి, కాగితాలన్నీ అయ్యాక, విమానంలో ఇంటికి వెళ్లింది. కాగితాలకు తిరిగింది బిల్డింగ్ యజమాని, మా కెప్టెన్. గ్రూపులో మాత్రం అధ్యక్షుడే దగ్గరుండి పంపించినట్టు వచ్చింది. ఆ మరుసటి శుక్రవారం గ్రౌండులో సంతాప సభ, ఆయన పేరు మీద కప్పు, ప్రారంభంగా అధ్యక్షుడి కూత అని ప్రకటించారు. పెద్దమనిషి కూతతో పోటీలు మొదలుపెట్టడం మా దగ్గర మామూలే. ఆయన కూత పెట్టి వస్తాడు, ఎవరో ఒకరు మెత్తగా ముట్టించుకుంటారు, అందరూ చప్పట్లు కొడతారు.

ఆ పొద్దున నేను ఎప్పటికన్నా ముందే వెళ్లి గీతలు గీశాను. బ్యానరు కట్టారు. ఆ దండ ఫోటోనే పెద్దది చేశారు, నవ్వుతున్న మనిషితో సహా. అధ్యక్షుడు తెల్ల చొక్కాలో వచ్చి చాలాసేపు మాట్లాడాడు. మేమిద్దరం ఒకే కంచంలో తిన్నాం అన్నాడు. "కాలు దెబ్బ ఆయన దురదృష్టం. వదలాల్సిన చోట వదలకపోవుడు ఆయన స్వభావం," అని కూడా అన్నాడు. చనిపోయినవాడి గురించి, ఆయన పేరు మీద పెట్టిన కప్పు పక్కన నిలబడి, ఆ అబద్ధాన్ని ఇంకోసారి చెప్పాడు.

నేను చివరి గీత సరిచేస్తున్నాను. నా వెనక మా వాళ్లు చెప్పులు విడుస్తున్నారు. కెప్టెన్ గొంతు తగ్గించి ఒక్క మాట అన్నాడు. "పట్టొద్దు. ముట్టించుకోవద్దు. మూసెయ్యుండ్రి."

ఆరుగురే లోపలికి వెళ్లారు. ఎడమ మూల ఖాళీగా వదిలారు.

అధ్యక్షుడు బూట్లు విప్పి, కబడ్డీ కబడ్డీ అంటూ నడిమి గీత దాటాడు. ఫోన్లు లేచాయి. నేరుగా ఎడమ మూలకు పోయి, వంగి ఆ ఖాళీ ఇసుకను చేత్తో తాకి కళ్లకు అద్దుకున్నాడు. నోట కూత ఆగలేదు. పాత ఆటగాడు కదా. ఫోటోకు చాలినంత సేపు వంగి ఉండి వెనక్కి తిరిగాడు.

ఆరుగురూ చేతులు చేతులు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నారు. ఎవరూ నవ్వడం లేదు.

ఆయన నవ్వాడు. సరదా అనుకున్నట్టుంది. కుడికి జరిగాడు, వరుస కుడికి జరిగింది. ఎడమకు జరిగాడు, వరుస ఎడమకు జరిగింది. ముట్టుకోవడానికి చెయ్యి చాపితే వాళ్లు ఒక్క అడుగు వెనక్కి వేశారు, దారి మాత్రం ఇవ్వలేదు. చూసేవాళ్లలో కొందరు ఈల వేశారు. కాసేపటికి ఆ ఈలలు కూడా ఆగిపోయాయి. గ్రౌండులో ఆయన కూత ఒక్కటే వినిపిస్తోంది. జీవితమంతా మైకు పట్టుకున్న మనిషి, దారి ఇవ్వండిరా అని అడగడానికి లేదు. అడిగితే అవుట్.

"చెయ్యి ఎత్తుండ్రి సాబ్," అన్నాడు కెప్టెన్, మామూలు గొంతుతో. "దారి ఇస్తం. నేను చూసిన. ఆ క్యాంపుల నేనున్న."

కబడ్డీ కబడ్డీ కబడ్డీ.

"మాట్లాడే పని లేదు నా," అన్నాడు రాయచోటి తమ్ముడు. "చెయ్యొకటి లేపితే సాలు. విజిల్ అయినాంక తొక్కినావా, లేదా?"

అధ్యక్షుడు రిఫరీ వైపు చూశాడు. విజిల్ పట్టుకున్నది ఫహాహీల్ నుంచి వచ్చిన పెద్దాయన. ఆట రూలు ప్రకారం అక్కడ తప్పేమీ లేదు. విజిల్ నోట్లోనే పెట్టుకుని ఊరుకున్నాడు. కూత సన్నబడింది. మెడ నరాలు తేలాయి. చొక్కా వీపుకు అంటుకుంది. కుడిచెయ్యి లేచింది. ఛాతీ దాకా లేచింది. అందరం చూశాం. నా చేతిలో సున్నం డబ్బా ఉన్న సంగతి కూడా మరిచిపోయాను. ఆ చెయ్యి అక్కడి నుంచి మొహం మీదికి పోయి, చెమట తుడుచుకుని కిందికి దిగింది.

ఊపిరి తెగింది. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి వంగిపోయాడు. విజిల్ మోగింది.

ఆరుగురూ చేతులు వదిలి పక్కకు తప్పుకున్నారు. ఎవరూ ఆయన్ను తాకలేదు. ఆయన ఆ దారిలోంచి బయటికి నడిచాడు. మైకు అందిస్తే తీసుకోలేదు. బూట్లు చేత్తో పట్టుకుని కారెక్కాడు. ఆ కప్పు మా జట్టు ఆడలేదు. మిగతా జట్లూ ఆడలేదు. బ్యానరు ఎవరు విప్పుకుపోయారో తెలియదు.

ఆ మధ్యాహ్నం నేను జగిత్యాలకు ఫోన్ చేశాను. కార్నరన్న భార్యను నేను వదినా అంటాను. సభ జరిగిందని చెప్పాను. ఎవరెవరు వచ్చారో ఆమె అడగలేదు.

"ఆయన వచ్చిండా?"

"వచ్చిండు వదినా."

"చెయ్యి లేపిండా?"

"లేదు. సగం దాక వచ్చింది. దించుకున్నడు."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "సగం లెక్క కాదు," అన్నది. "అడుగుతనే ఉండుండ్రి."

అడుగుతూనే ఉన్నాం. గ్రూపులో ఆయన "పిల్లలు సరదాగా ఆటపట్టించారు" అని రాశాడు. దాని కింద ఎవరూ దండం పెట్టలేదు. అధ్యక్షుడు ఇంకా ఆయనే. శుక్రవారాలు వస్తూనే ఉన్నాడు, రాకపోతే ఏమనుకుంటారోనని కావచ్చు. కారు దిగడం మాత్రం మానేశాడు. తనతో వచ్చిన మనిషి చేత జెర్సీల పెట్టె దింపిస్తాడు. కారు ఎప్పుడూ ఒకే చోట, రోడ్డు వైపు, ఆగుతుంది.

నేను గ్రౌండు తిప్పి గీశాను. ఇదివరకు కోర్టు రోడ్డుకు నిలువుగా ఉండేది, ఇప్పుడు అడ్డంగా ఉంది. మా జట్టు ముందుగా నిలబడే సగంలో ఎడమ మూల సరిగ్గా ఆ కారు ఎదురుగా వస్తుంది. ఎవరైనా అడిగితే ఎండ కళ్లలో పడుతోందని చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు. ఆ మూలలో నీళ్లు ఎక్కువ చల్లి, బాగా తొక్కి, సున్నం దట్టంగా పోస్తాను. గాలి లేచినా ఆ రెండు గీతలు కలిసే చోటు చెదరదు. పెయింటు డబ్బా ఇంకా అక్కడే, గీత బయటే ఉంది.

మా ఆరుగురూ ముందు వచ్చి నిలబడతారు. ఎడమ కార్నర్‌గా ఆడేవాడు చివరన, విజిల్‌కు కాస్త ముందు లోపలికి వస్తాడు. అంతవరకూ ఆ మూల ఖాళీగా ఉంటుంది. ఆ కాసేపు నేను సున్నం డబ్బా కింద పెట్టి కారు వైపు చూస్తాను. అద్దాలు ఎత్తి ఉంటాయి. లోపల ఆయన చేతులు రెండూ స్టీరింగ్ మీద ఉంటాయి.